చుట్టు తిరిగి ముందుగా చేరడం

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా 2015 డిసెంబర్‌లో నేరు విమానం మొదలుపెట్టింది. మొదటి పది నెలలూ అది పడమటికే వెళ్ళేది. ఐరోపా దాటి, అట్లాంటిక్ దాటి, అమెరికా ఖండాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఈదుకుంటూ పోయి దిగేది. ఆ దారి పొడవు దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్ మధ్యలో ఒక ఆదివారం తెల్లవారుజామున అదే విమానం తూర్పుకి తిరిగింది. బంగ్లాదేశ్, మయన్మార్, చైనా, జపాన్‌ల మీదుగా పసిఫిక్ మహాసముద్రాన్ని దాటి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది. ఈ దారి 15,300 కిలోమీటర్లు, అంటే పాతదానికంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. అట్లాంటిక్ దారికంటే దాదాపు రెండు గంటలు తక్కువ!

విమానం మారలేదు. ఇంజన్లు మారలేదు. పైలట్లు ఎక్కువ వేగంగా తోలిందీ లేదు. బడిలో మనం చేసిన లెక్క ప్రకారం దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం రావాలి. ఇక్కడ దూరం పెరిగింది, సమయం తగ్గింది. పైగా ఇంధనం కూడా మిగిలింది.

ఇంకో వింత. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య అసలైన అతి దగ్గర దారి ఈ రెండూ కావు. గ్లోబు మీద కొలిస్తే ఆ ఊళ్ళ మధ్య దూరం సుమారు 12,380 కిలోమీటర్లే. కంప్యూటర్‌ని అడిగితే చెప్పేదీ ఆ అంకెనే. కానీ అచ్చంగా ఆ గీత మీద విమానాలు నడవవు. ఒకే జంట ఊళ్ళకి మూడు దూరాలు ఉండటం, వాటిలో అన్నిటికంటే పొడవైనదే త్వరగా చేర్చడం ఎలా కుదిరిందో చూడాలంటే ముందు గోడ మీద ఉన్న పటాన్ని కాసేపు పక్కన పెట్టాలి.

గోడ పటాల్లో చాలావాటికి మూలం 1569లో గెరార్డస్ మెర్కేటర్ గీసిన పద్ధతి. ఓడ నడిపేవాళ్ళకి అది వరం. పటం మీద రెండు రేవులని సరళరేఖతో కలిపి, ఆ రేఖ ఉత్తరంతో చేసే కోణాన్ని చూసుకుని, దిక్సూచి ముల్లుని అదే కోణంలో ఉంచుకుంటూ పోతే రేవు వస్తుంది. దారి మధ్యలో దిక్కు మార్చే పని లేదు. ఆ సౌకర్యానికి మెర్కేటర్ చెల్లించిన మూల్యం, ధ్రువాలకి దగ్గరయ్యేకొద్దీ నేలని సాగదీయడం. అందుకే ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికాలో పద్నాలుగో వంతు మాత్రమే ఉంటుంది.

హైదరాబాదు, షికాగోలని తీసుకుందాం. శంషాబాద్ విమానాశ్రయం 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, షికాగో ఓహేర్ 42 డిగ్రీల మీద. మెర్కేటర్ పటంలో రెంటినీ స్కేలుతో కలిపితే గీత అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్‌ల మీదుగా పడమటికి సాగుతుంది. ఆ గీత వెంట నిజంగా ఎగిరితే దాదాపు 16,100 కిలోమీటర్లు. ఇప్పుడు గ్లోబు మీద ఒక దారాన్ని హైదరాబాదు దగ్గర వేలితో నొక్కిపట్టి, రెండో కొసని షికాగో దగ్గర బిగించి లాగండి. దారం ఆఫ్రికా ఛాయలకే పోదు. కశ్మీరు, పామీర్ పర్వతాలు, కజకిస్తాన్, ఉరల్ కొండల మీదుగా ఉత్తరానికి ఎగబాకి, మంచు సముద్రంలోని స్వాల్‌బార్డ్ దీవులని రాసుకుంటూ, గ్రీన్‌లాండ్, బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతం దాటి షికాగోలో దిగుతుంది. పొడవు సుమారు 13,280 కిలోమీటర్లు. రెండింటికీ తేడా 2,800 కిలోమీటర్లకి పైనే.

ఆ దారంలో ఒక్క వంపు కూడా లేదు గానీ దిక్కు మాత్రం క్షణక్షణం మారుతుంది. హైదరాబాదు నుంచి ఇంచుమించు ఉత్తరానికి ముక్కు పెట్టి బయల్దేరిన విమానం, ఎక్కడా మలుపు తీసుకోకుండానే, షికాగోలో దక్షిణానికి ముక్కు పెట్టి దిగుతుంది. అమెరికా పడమట ఉందని చిన్నప్పటి నుంచీ చదువుకున్న మనకి అది ఉత్తరాన ఉందని చెబితే మింగుడుపడదు. హైదరాబాదు నుంచి చూస్తే షికాగో ఉత్తరానికి సుమారు 12 డిగ్రీలు మాత్రమే పడమరగా ఉంది.

గోళం మీద రెండు బిందువులని, గోళ కేంద్రాన్ని కలిపి ఒకే కోతతో కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వలయాన్ని మహావృత్తం అంటారు. దానిలోని చిన్న ముక్కే దగ్గర దారి. లెక్క కూడా కష్టమైంది కాదు. రెండు ఊళ్ళ అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే ఇంటర్మీడియట్ త్రికోణమితి చాలు. భూకేంద్రం దగ్గర ఆ రెండు ఊళ్ళూ ఎంత కోణం చేస్తాయో వస్తుంది. హైదరాబాదు, షికాగోలకి అది 119.4 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు వేసుకుంటే పైన చెప్పిన అంకె వచ్చేస్తుంది.

వచ్చేస్తుంది గానీ, భూమి సరైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఈ 21 కిలోమీటర్ల నొక్కుడు ఎంతో కచ్చితంగా తేల్చడానికి రెండు శతాబ్దాల క్రితం మన నేల మీద ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణ సర్వే 78వ రేఖాంశం వెంట ఉత్తరానికి సాగింది. మన శంషాబాద్ ఉన్నది 78.4 డిగ్రీల మీద. 1818లో లాంబ్టన్‌కి సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్ వచ్చి చేరింది హైదరాబాదులోనే. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరాన పడి, కోలుకోవడానికి ఆయన ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కి పోవలసి వచ్చింది. ఆ సర్వే ఆధారంగా 1830లో ఆయన ప్రకటించిన భూమి ఆకారం భారతదేశపు పటాలకి ఒకటిన్నర శతాబ్దానికి పైగా ఆధారమైంది. ఆయన పేరు శిఖరానికి పెట్టడం వల్ల అందరికీ తెలిసింది, కానీ అసలు పని ఇది. ఈరోజు జీపీఎస్ వాడే భూమి ఆకారం వేరు. దాని మీద దూరం కొలిచే మేలైన సూత్రాల్లో ఒకటి 1975లో తాడియస్ విన్సెంటీ ఇచ్చాడు. గోళం అనుకుని చేసిన లెక్కకీ దీనికీ తేడా మహా అయితే నూటికి అర కిలోమీటరు. ప్రయాణికుడికి అది పట్టదు.

ఇక భూమి మీద ఏ రెండు ఊళ్ళ మధ్యా దూరం 20,000 కిలోమీటర్లకి చెప్పుకోదగ్గంతగా మించదు. అంతకంటే దూరం పోతే అటునుంచి దగ్గరైపోతాం. హైదరాబాదుకి సరిగ్గా అడుగున ఉన్న చోటు పసిఫిక్‌లో, ఈస్టర్ దీవికి ఈశాన్యంగా వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరంలో పడుతుంది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. ప్రయాణికులతో క్రమం తప్పకుండా నడిచే విమానాల్లో అతి పొడవైనదిగా పేరు పొందిన సింగపూర్ - న్యూయార్క్ దారి దాదాపు 15,350 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటలకి పైగా ప్రయాణం.

దూరం తేలింది, ఇక వేగం. పెద్ద జెట్ విమానాల వేగాన్ని ధ్వని వేగంతో పోల్చి చెబుతారు. నేల మీద ధ్వని గంటకి 1,225 కిలోమీటర్లు పోతుంది. పదకొండు కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 56 డిగ్రీల చలిలో, అది 1,062కి పడిపోతుంది. బోయింగ్ 777 అందులో 84 శాతం వేగంతో పోతుంది, అంటే సుమారు 890. ఆ హద్దు దాటి ధ్వని వేగానికి దగ్గరైతే రెక్కల మీద గాలి ఒత్తిడి తరంగాలుగా గుట్టపడి నిరోధం ఒక్కసారిగా పెరిగిపోతుంది, ఇంధనం మంచినీళ్ళలా ఖర్చవుతుంది. కాంకార్డ్ ఆ గోడని దాటి 1976 నుంచి 2003 దాకా తిరిగింది గానీ ఒక్క దమ్ములో 7,000 కిలోమీటర్లు పోవడమే దానికి గగనం. షికాగో దాకా ఏం వెళుతుంది? 1970లో ప్రయాణికులతో మొదటి 747 ఎగిరిన వేగానికీ ఇప్పటి విమానాల వేగానికీ తేడా లేదు. కంప్యూటర్లు ఎన్ని వేల రెట్లు పెరిగినా ఈ ఒక్క అంకె అర్ధ శతాబ్దంగా కదలకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

13,280ని 890తో భాగిస్తే 14 గంటల 55 నిమిషాలు వస్తాయి. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాదు - షికాగో నేరు విమానం మొదలుపెట్టినప్పుడు ప్రయాణ సమయం పదహారు గంటలకి పైనే వేసింది. మిగిలిన సమయం ఎటు పోయింది? కొంత నేల మీదే పోయింది. విమానం గేటు నుంచి కదిలింది మొదలు అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా నడక, ఎక్కడం, దిగడం, దిగేముందు వరసలో తిరగడం అన్నీ అందులోవే. ఇంకొంత మలుపుల్లో పోయింది. అన్నిటికంటే ఎక్కువగా, ఏ రోజుకి ఆ రోజు మారిపోయేది గాలి.

గోదావరిలో పడవ వేసుకుని ఏటి వాలుకి పోయేటప్పుడు తెడ్డు వేసేది తక్కువ, గట్టు వెనక్కి పరిగెత్తేది ఎక్కువ. ఎదురు పోయేటప్పుడు అదే తెడ్డుకి గట్టు కదలనే కదలదు. విమానం కూడా గాలి అనే ఏట్లో ఈదుతుంది. దాని 890 కిలోమీటర్లు గాలితో పోల్చి చూసిన వేగం. నేలతో పోల్చి చూసిన వేగం గాలి కలిసొస్తే పెరుగుతుంది, ఎదురైతే తగ్గుతుంది. ఢిల్లీ నుంచి తూర్పుకి పోయిన ఆ 777 సగటున గంటకి 1,055 కిలోమీటర్ల చొప్పున పోయింది. ఇంజన్ల వంతు 890 పోగా, మిగతా 165 దాకా గాలి ఊరికే ఇచ్చింది.

ఆ గాలి పేరు జెట్ స్ట్రీమ్. దాన్ని మొదట పట్టుకున్నది జపాన్‌లోని తాతెనో పరిశోధనశాలకి అధిపతిగా ఉన్న వసబురో ఓయిషి. 1920లలో ఆయన హైడ్రోజన్ బెలూన్లని వదిలి, దుర్భిణితో వాటి వెంట చూపు నిలిపి, ఎంత ఎత్తున ఎంత గాలి ఉందో లెక్క కట్టేవాడు. చలికాలంలో తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున సెకనుకి 70 మీటర్లకి మించిన పడమటి గాలి కనిపించింది. తుఫాను గాలికంటే బలంగా, ఏ తుఫానూ లేకుండా, నిర్మలమైన ఆకాశంలో! ఈ సంగతి ప్రపంచమంతా చదవాలని 1926లో ఆయన తన నివేదికని ఎస్పెరాంతో భాషలో అచ్చువేశాడు. ఏ దేశానికీ చెందని ఆ భాష అందరిదీ అవుతుందని ఆయన ఆశ. ఫలితం ఏమిటంటే, దాన్ని ఏ దేశమూ పట్టించుకోలేదు.

పట్టించుకోనందుకు అమెరికా మూల్యం చెల్లించింది. 1944 నవంబర్ 24న మేరియానా దీవుల నుంచి వందకి పైగా బీ-29 బాంబర్లు టోక్యో మీదికి వచ్చాయి. తొమ్మిది, పది కిలోమీటర్ల ఎత్తున వాళ్ళకి వెనక నుంచి అందుకున్న గాలికి విమానాలు గంటకి 700 కిలోమీటర్లకి పైగా వేగంతో లక్ష్యాన్ని దాటిపోయాయి. బాంబు గురిపెట్టే పరికరాలు అంత వేగానికి తయారైనవి కావు. చాలా బాంబులు ఎక్కడెక్కడో పడ్డాయి. అదే గాలిని జపాన్ వాళ్ళు మరో పనికి వాడుకున్నారు. కాగితపు బెలూన్లకి బాంబులు కట్టి 9,000కి పైగా పసిఫిక్ మీదికి వదిలారు. వాటిలో కొన్ని నిజంగానే అమెరికా గడ్డ మీద దిగాయి.

యుద్ధం ముగిశాక గాలి వ్యాపారంలోకి వచ్చింది. 1952 నవంబర్ 18న పాన్ అమెరికన్ సంస్థ టోక్యో నుంచి హొనలూలూకి పోయే విమానాన్ని 7,600 మీటర్లకి ఎక్కించి ఈ ప్రవాహంలో నడిపింది. పద్దెనిమిది గంటలు పట్టే దారి పదకొండున్నర గంటల్లో తెమిలింది. ఓయిషి కొలిచిన గాలి అది. ఎయిర్ ఇండియా 2016లో వాడుకున్నదీ అదే.

ఈ గాలి ఎందుకు వీస్తుంది? ఉష్ణమండలపు వెచ్చని గాలి వ్యాకోచించి ఎత్తుగా నిలుస్తుంది. ధ్రువపు చల్లగాలి కుదించుకుని పొట్టిగా ఉంటుంది. అందువల్ల పది కిలోమీటర్ల ఎత్తున చూస్తే దక్షిణాన పీడనం ఎక్కువ, ఉత్తరాన తక్కువ. గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకు రావాలి. కానీ కింద భూమి తిరుగుతోంది, కాబట్టి ఆ గాలి కుడికి ఒరిగి పడమటి నుంచి తూర్పుకి ప్రవహిస్తుంది. వేడికీ చలికీ తేడా ఎంత పదునుగా ఉంటే ప్రవాహం అంత ఉద్ధృతం. సైబీరియా చలి, పసిఫిక్ వెచ్చదనం ఎదురెదురుగా నిలిచే జపాన్ ప్రాంతంలో, అదీ శీతకాలంలో, అది ప్రపంచంలోకెల్లా బలంగా ఉండటానికి కారణం ఇదే. మన దక్షిణాదిన వర్షాకాలంలో మాత్రం వ్యవహారం తలకిందులు. టిబెట్ పీఠభూమి వేసవిలో వేడెక్కి ఉత్తరాన పీడనం పెంచుతుంది, పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమటికి గాలి వీస్తుంది. ఈ తూర్పు జెట్ స్ట్రీమ్ గురించి 1958లో పరిశోధన ప్రకటించినవారు పి. కోటేశ్వరం. తర్వాతి కాలంలో ఆయన భారత వాతావరణ శాఖకి అధిపతి అయ్యారు.

అట్లాంటిక్ మీద కూడా ఈ గాలి ఆటలు తక్కువేమీ కావు. 2020 ఫిబ్రవరి 9న, కియారా తుఫాను వేళ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోలిస్తే ఒక దశలో దాని వేగం గంటకి 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని మించిందని వార్తలు రాశారు. మించలేదు. తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ఎప్పటిలాగే నింపాదిగా పోతోంది.

పోయేటప్పుడు లాభపడింది వచ్చేటప్పుడు నష్టపోతాం, చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. లెక్క వేస్తే అలా లేదు. 13,280 కిలోమీటర్ల దారిలో గంటకి 100 కిలోమీటర్ల గాలి దారి పొడవునా ఉందనుకోండి. ఎదురైతే 16 గంటల 49 నిమిషాలు, కలిసొస్తే 13 గంటల 25 నిమిషాలు. రెండూ కలిపితే గాలి లేని రోజుకంటే 23 నిమిషాలు ఎక్కువే. ఎదురుగాలిలో గడిపే గంటలు ఎక్కువ కాబట్టి నష్టం ఎప్పుడూ లాభాన్ని మించుతుంది. అందుకే ఎయిర్ ఇండియా తెలివిగా, శాన్‌ఫ్రాన్సిస్కోకి పసిఫిక్ మీదుగా వెళ్ళి తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగా పెట్టుకుంది. రెండు వైపులా తూర్పుకే ప్రయాణం, రెండు వైపులా గాలి తోడు. ఆ టికెట్ కొన్నవాళ్ళు తమకి తెలియకుండానే భూప్రదక్షిణ చేసేశారు.

మరి 12,380 కిలోమీటర్ల గీత సంగతి? అది పశ్చిమ టిబెట్ మీదుగా, షింజియాంగ్, సైబీరియాలు దాటి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా అలాస్కా వైపు దిగుతుంది. మొదటి అడ్డంకి టిబెట్టే. పది కిలోమీటర్ల ఎత్తున క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. ప్రయాణికుల తలల మీద వేలాడే ఆక్సిజన్ ముసుగులు కాసేపే పనిచేస్తాయి. టిబెట్‌లో నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంది. దిగడానికి చోటు లేదు. పక్క లోయలోకి తప్పించుకునే దారులు ముందే గీసుకుంటే తప్ప అటు పోరు. ఎక్కువమంది పోకుండా చుట్టు తిరుగుతారు.

రెండో అడ్డంకి ఇంజన్ల సంఖ్య. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగితే రెండోదానితో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలగాలి. 1953లో అమెరికా పెట్టిన నియమం ప్రకారం అది గంట దూరంలో ఉండాలి. ఆ నియమం ఉన్నన్నాళ్ళూ మహాసముద్రాల నడుమ దారులు మూడు, నాలుగు ఇంజన్లవాళ్ళ సొత్తు. ఇంజన్లు నమ్మకంగా మారేకొద్దీ 1985లో ఆ గడువు 120 నిమిషాలైంది, తర్వాత 180. బోయింగ్ 777కి 2011లో 330 నిమిషాల దాకా, ఎయిర్‌బస్ ఏ350కి 2014లో 370 నిమిషాల దాకా అనుమతి దొరికింది. నాలుగు ఇంజన్ల విమానాలు మూలపడటం వెనక ఈ అంకెల పెంపు చాలా ఉంది. ఈ నియమం కాగితం మీది మాట కాదని 2023 జూన్‌లో తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి పోతున్న ఎయిర్ ఇండియా 777 ఒక ఇంజన్‌కి ఇబ్బంది వచ్చి, 216 మంది ప్రయాణికులతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. మరో విమానం వచ్చేదాకా వాళ్ళు ఆ చిన్న ఊళ్ళోనే ఉన్నారు. దారి గీసేటప్పుడు మగదాన్ లాంటి ఊళ్ళని వెతికి పెట్టుకోవడమే సగం పని.

ధ్రువాల దగ్గర ఇంకా చిత్రాలున్నాయి. దిక్సూచి పనికిరాదు. భూమధ్యరేఖ మీద నిలిచే సమాచార ఉపగ్రహాలు దిగంతం కిందికి పోతాయి. ఎక్కువగా వాడే జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది కాబట్టి, రెక్కల్లోని ఇంధనం మరీ చల్లబడితే పైలట్ కిందికి దిగాలి లేదా వేగం పెంచాలి. సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనం జరిగిన రోజున రేడియోలు మూగబోతాయని ధ్రువపు దారులే మార్చేస్తారు. ఇన్ని ఉన్నా 2021 జనవరిలో జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, మరో ఇద్దరు మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా 777ని నడిపించారు. ఆ ఊళ్ళ మధ్య దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు.

బరువు మాట కూడా ఒకటుంది. 777-200 ఎల్ఆర్‌లో 1,81,000 లీటర్ల ఇంధనం పడుతుంది. మొదటి గంటల్లో కాలే ఇంధనంలో పెద్ద వంతు, చివరి గంటల్లో వాడే ఇంధనాన్ని మోయడానికే సరిపోతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం గాలి పలుచబడి రెక్కలకి పట్టు తగ్గుతుంది. అంత బరువుతో లేవడం కష్టం, కాబట్టి సీట్లో సరుకో తగ్గించాలి. హైదరాబాదు - షికాగో నేరు విమానం కొన్నాళ్ళకే ఆగిపోయింది.

వీటన్నిటినీ ఇంజనీర్లు, వాతావరణ శాస్త్రజ్ఞులు కలిసి ఏదోవిధంగా సర్దగలరు. సర్దలేనిది సరిహద్దులు. 1954లో స్కాండినేవియన్ విమాన సంస్థ కోపెన్‌హాగెన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి ధ్రువపు దారి తెరిచింది. ఐరోపా నుంచి జపాన్‌కి దగ్గర దారి సోవియట్ నేల మీదుగా ఉన్నా, ప్రచ్ఛన్న యుద్ధకాలంలో అది మూసుకుని ఉండటంతో విమానాలు అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగి ఇంధనం పోసుకుని పోయేవి. 1983లో ఫిన్నెయిర్ ఆ మజిలీ కూడా లేకుండా హెల్సింకీ నుంచి ఉత్తర ధ్రువం మీదుగా టోక్యోకి ఒక్క ఊపున ఎగిరింది. సోవియట్ కూటమి కూలాక సైబీరియా తెరుచుకుని ఆ ప్రయాణం తొమ్మిదిన్నర గంటల దాకా తగ్గింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో సైబీరియా మళ్ళీ మూతపడింది. ఫిన్నెయిర్ మళ్ళీ ధ్రువం మీదికి ఎక్కింది, ప్రయాణం పదమూడు గంటలకి పెరిగింది. రెండు ఊళ్ళూ అంగుళం కదలలేదు.

రష్యా తలుపులు అమెరికా, ఐరోపా సంస్థలకి మూసుకున్నా భారతీయ సంస్థలకి తెరిచే ఉన్నాయి. మగదాన్‌లో మన విమానం దిగగలిగింది అందుకే. మనకి మూసుకున్న తలుపు పక్కనే ఉంది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకి మూసివేసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకి పోయే కొన్ని విమానాలు దక్షిణంగా చుట్టు తిరిగి, ఇంధనం చాలక వియన్నా వంటి చోట్ల దిగాల్సి వచ్చింది. రెండు గంటల చుట్టు అనుకున్నది, దిగి ఎక్కడంతో ఇంకా పెరిగింది. దూరం చెప్పే కంప్యూటర్ మాత్రం ఆనాడూ పాత అంకెనే చూపించింది.

కాబట్టి అమ్మానాన్నలకి అమెరికా టికెట్ తీసేవాళ్ళకి ఒక మాట. కిలోమీటర్లు చూసి ఏదీ నిర్ణయించుకోకండి. ఆ విమానం గత రెండు వారాల్లో నిజంగా ఏ దారిన పోయిందో, ఎన్ని గంటలు పట్టిందో విమానాల జాడ చూపించే ఆప్‌లలో ఎవరైనా చూడవచ్చు. డిసెంబర్, జనవరి నెలల్లో దుబాయ్ నుంచో లండన్ నుంచో పడమటికి పోయే విమానాలకి ఎదురుగాలి బలంగా ఉంటుంది. ఆ రోజుల్లో అమెరికాలో దిగి మరో విమానం ఎక్కాల్సి ఉంటే, మధ్యలో కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా చూసి టికెట్ కొనండి.